గాలి బాగుంది

మా ఊళ్ళో బిడ్డకు నెల తిరిగిందంటే చాలు, ఇరుగు పొరుగు అడిగే మాట ఒకటే: "బయట పడుకుంటున్నాడా?" బయట అంటే బాల్కనీ. ఎంత చలి ఉన్నా సరే, బిడ్డను రెండు బొంతల్లో మూటగట్టి, ముక్కు మాత్రం కనిపించేలా పిల్లల తోపుడుబండిలో పడుకోబెట్టి, బాల్కనీలో వదిలి తలుపు వేసుకోవాలి. బుగ్గలు ఎర్రబడి హాయిగా పడుకుంటే వాడు ఉత్తర ధ్రువపు బిడ్డ. ఏడ్చి లేస్తే తల్లికి పెంపకం చేతకాదన్నమాట. ఈ తీర్పు మీద అప్పీలు లేదు. నిజానికి మా ఊళ్ళో అందరూ నికెల్ ఫ్యాక్టరీ జీతాలకు ఆశపడి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. అయినా పదేళ్ళు గడిచేసరికి ప్రతివాడూ ఈ మంచులోనే పుట్టి ఈ మంచే తాగి పెరిగినట్టు మాట్లాడతాడు.

అలా మాట్లాడేవాళ్ళలో ఆగ్నియా తిఖనొవ్నాను మించినవాళ్ళు లేరు. ఆవిడ ఫ్యాక్టరీ గాలి గదిలో పనిచేసేది. ఊరికీ ఫ్యాక్టరీకీ మధ్య ఉన్న బోడిగుట్ట మీద చెక్కలతో కట్టిన చిన్న గది అది. లోపల ఒక పొయ్యి, ఒక టెలిఫోను, ఒక దుర్భిణి. బయట కర్రకు కట్టిన చారల గుడ్డ సంచి. ఆ సంచి ఎటు ఊగుతుందో చూడటమే ఆవిడ ఉద్యోగం. మామూలు రోజుల్లో పొగగొట్టాల పొగ ఊరికి అటువైపు, చెట్టూ చేమా చచ్చి నల్లటి మోళ్ళు మిగిలిన కొండల మీదికి పోయేది. గాలి తిరిగిందంటే ఊరి మీదికి వచ్చేది. దాన్ని మేం "గ్యాస్ దిగింది" అంటాం. నాలుక మీద మొదట తియ్యగా ఉంటుంది, ఆ తర్వాత గొంతును గీరుకుంటూ దిగుతుంది. గంధకం. దాంతోపాటు మంచు కూడా కురిస్తే ఇక చెప్పక్కర్లేదు. పైనుంచి దిగే ఒక్కో రేకూ ఆ గ్యాస్‌ను పీల్చుకుని మరీ పడుతుంది. దానికి పుల్లటి మంచు అని పేరు పెట్టుకున్నాం. ఆ మంచులో ఆడవాళ్ళు నైలాన్ మేజోళ్ళతో నడిచి ఇంటికొస్తే మేజోళ్ళ నిండా చిల్లులు ఉండేవి. దాని మీద జోకులు కూడా వేసుకునేవాళ్ళం, సిగ్గులేకుండా.

గాలి తిరిగినప్పుడు ఆగ్నియా రెండు ఫోన్లు చెయ్యాలి. ఒకటి కొలిమిశాలకు: కొలుముల్లోకి గాలి ఊదడం తగ్గించండి అని. రెండోది బాలవాడికి: పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళండి అని. ఈ రెండో ఫోను వల్ల ఊళ్ళో ఇంకో అలవాటు పుట్టింది. బాలవాడి చుట్టూ ఉన్న అయిదంతస్తుల ఇళ్ళలోని తల్లులు కిటికీలోంచి ఆ ఆవరణ వైపు చూసేవాళ్ళు. పిల్లలు బయట ఆడుతున్నారంటే గాలి బాగున్నట్టు. అప్పుడు తోపుడుబళ్ళు బాల్కనీల్లోకి వచ్చేవి. పిల్లలు లోపలికి పరిగెత్తితే బళ్ళు కూడా లోపలికి పోయేవి. రేడియోను ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఆగ్నియాను నమ్మేవాళ్ళు.

ఆవిడ కోడలు రిమ్మా ఒక్కతే బిడ్డను బయట పెట్టేది కాదు. దక్షిణాన, ఆప్రికాట్ తోటల వైపు పుట్టిన పిల్ల. ఆగ్నియా కొడుకు గ్లెబ్ సైన్యంలో ఉన్నప్పుడు అక్కడ చూసి, పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. వచ్చిన మొదటి శీతాకాలమే కడుపు పండింది. కొడుకు పుట్టాడు. ఆగ్నియా తన తండ్రి పేరు మీద తిఖన్ అని పెట్టించి, తీషా అని పిలుచుకునేది. వాడికి పుట్టినప్పటి నుంచీ ఛాతీలో గురగుర. ఆగ్నియాకు వాడంటే ప్రాణం. వాడి తల్లి అంటే ఒళ్ళుమంట.

మార్చి నెల. సూర్యుడు తిరిగొచ్చి మంచు మీద కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాడు. ఆ పొద్దున ఆగ్నియా బూట్లు తొడుక్కుంటోంది. రిమ్మా బిడ్డను భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. రాత్రంతా నిద్ర లేక కళ్ళు లోతుకు పోయాయి.

"ఇవాళ గాలి ఎలా ఉంది అత్తయ్యా?"

"గాలి గాలిలాగే ఉంది. ఏం, పళ్ళెంలో పెట్టి చూపించాలా?"

"రాత్రంతా ఒకటే దగ్గు. పడుకోలేదు, పడుకోనివ్వలేదు."

"ఎందుకు పడుకుంటాడు? ఆ గదిలో ఉడకబెడుతున్నావుగా వాణ్ణి. మొహం చూడు, పిండిముద్దలా ఎలా పాలిపోయిందో. నా గ్లెబ్‌ని ఇంతకు రెండింతల చలిలో పడుకోబెట్టాను. వాడికిప్పుడేం తక్కువ? కొలిమి ముందు ఎద్దులా నిలబడుతున్నాడు. మీ వైపు పిల్లల్ని ఎండలో ఆరబెట్టి పెంచుతారేమో. ఇక్కడ చలిలో పెంచుతాం."

"చలికి కాదత్తయ్యా నా భయం. ఆ గ్యాస్‌కి. అది ఎప్పుడు దిగుతుందో నాకు తెలీదు."

"నీకు తెలియక్కర్లేదే! ఆ కిటికీ దగ్గరికెళ్ళి చూడు. బాలవాడి పిల్లలు బయట ఉన్నారా, పెట్టెయ్. లేరా, తీసెయ్. ఊళ్ళో తల్లులందరూ చేసే పనేగా. నువ్వొక్కదానివే మహారాణివా?" ఆగ్నియా లేచి నిలబడి, కోడలి భుజం మీది బిడ్డ తలను అరచేత్తో నిమిరింది. గొంతు కొంచెం తగ్గించింది. "ఆ పిల్లల్ని బయటికి పంపేదెవరే? నేను. అక్కడ కూర్చున్నదెవరు? నేను. నా మనవణ్ణి నేనే గ్యాస్‌లో పెట్టిస్తానా? పిరికిదానివి నువ్వు. పిరికిపాలు తాగించి వాణ్ణి కూడా పిరికివాణ్ణి చేస్తున్నావు."

రిమ్మా మొహం ఎర్రబడింది. ఆగ్నియా తలుపు ధన్‌మని వేసి వెళ్ళిపోయింది.

ఇంత నోరున్న మనిషికీ లోపల ఒక దిగులుండేది. ఆ సంగతి కోడలితో చెప్పుకునేంత పెద్దమనసు లేదంతే. డాక్టరు ఆవిణ్ణి పక్కకు పిలిచి చెప్పాడు: "ఈ బిడ్డ ఛాతీ ఈ ఊరికి పనికిరాదు. ఇంకో శీతాకాలం ఇక్కడ ఉంచకండి." ఉంచకుండా ఎక్కడికి పోవాలి? మా ఊరివాళ్ళు చెట్లున్న దేశమంతటినీ కలిపి పెద్ద నేల అంటారు. పాతికేళ్ళు పనిచేసినవాళ్ళ కోసం ఫ్యాక్టరీ ఆ పెద్ద నేల మీద, వెచ్చటి ఊళ్ళలో ఇళ్ళు కట్టిస్తుంది. ఆ ఇల్లు వచ్చేలోపల సగంమంది ఇక్కడే మట్టిలో కలుస్తారు. మిగతా సగంమంది దాని గురించి మాట్లాడుకుంటూ బతుకుతారు. ఆగ్నియా పాతికేళ్ళూ ఎప్పుడో నిండాయి. ఎవరికి ఇల్లు, ఎవరికి మొండిచెయ్యి అన్నది చీఫ్ ఇంజనీరు బులీగిన్ చేతిలో ఉంది. ఆవిడ అతని గది ముందు ఎన్నిసార్లు నిలబడిందో అక్కడి చెక్కనేలకే తెలియాలి.

ఆ పొద్దున బులీగినే గుట్టెక్కి వచ్చాడు. అలాంటిది ఎప్పుడూ లేదు. తలుపు తోసుకుని లోపలికొచ్చి, గొర్రెతోలు టోపీ తీసి పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"ఎలా ఉన్నావక్కా?" అన్నాడు.

మామూలుగా "ఏయ్ గాలిదానా" అని పిలిచేవాడు అక్కా అనేసరికి ఆగ్నియా ఒళ్ళంతా జాగ్రత్త పడింది. "ఉన్నానయ్యా. టీ తాగుతారా?"

"టీకి టైమేదీ! మాస్కో నుంచి డిప్యూటీ మంత్రిగారు వచ్చారు. ఇవాళ కొలుములన్నీ నిండుగా ఊదిస్తున్నాం. ఇంతవరకూ ఎవడూ పోయనంత లోహం ఆయన కళ్ళముందు పోసి చూపిస్తాం. ఆ పోసేవాడు ఎవరనుకున్నావు? నీ కొడుకు గ్లెబే."

"మంచిదయ్యా," అంది ఆగ్నియా. ఆవిడ చూపు కిటికీ బయటి సంచి మీద ఉంది. సంచి ఊగడం మానేసి వేలాడుతోంది.

బులీగిన్ కూడా అటు చూశాడు. "అందుకే వచ్చాను. ఇవాళ నీ ఫోను మోగకూడదు."

"గాలి తిరిగితే?"

"తిరగదు."

"తిరిగేలా ఉందయ్యా. అటు చూడండి, పొగ పైకి లేవడం లేదు. మబ్బు కూడా కమ్ముతోంది."

"అక్కా, నేను చెప్పేది విను. తిరిగినా తిరగదు. కొలిమిశాలకు ఫోను చేశావో, ఊదడం ఆగుతుంది, మంత్రిగారి ముందు నా పరువు పోతుంది. బాలవాడికి చేశావో, ఇంకా చెడ్డది. పిల్లలు జెండాలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. ఆయన చూస్తుండగా వాళ్ళు ముక్కులు మూసుకుని పరిగెడితే ఏం బాగుంటుంది చెప్పు?"

బులీగిన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు. "అన్నట్టు, దక్షిణాన కొత్త ఇళ్ళు తయారయ్యాయి. ఆప్రికాట్ల ఊరు. మీ కోడలిది అటువైపే కదూ? సాయంత్రం మంత్రిగారు వెళ్ళగానే సంతకం పెడతాను. మనవడికి ఛాతీ బాగాలేదటగా, పాపం."

పాపం అన్న ఆ మాట ఎంత బాగా పలికాడో! అతను దిగిపోయాక ఆగ్నియా చాలాసేపు పొయ్యి ముందు కూర్చుంది. నిజం చెప్పాలంటే అప్పుడు ఆవిడకు భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. తీషా చొక్కా లేకుండా చెట్టు కింద మట్టిలో కూర్చుని ఆప్రికాట్ పండు చీకుతున్నట్టు కళ్ళకు కట్టింది. ఒక్క రోజు నోరు మూసుకుంటే చాలు. ఈ ఊరు ఎంత గ్యాస్ తినలేదు, ఇంకో రోజు తింటుంది అనుకుంది.

పదకొండు దాటాక సంచి కదిలింది. ముందు కొంచెం, తర్వాత నిండుగా ఉబ్బి, సరిగ్గా ఊరి వైపు చూపించింది. పొగగొట్టాల నుంచి పచ్చటి పొగ గుట్ట నడుము వరకు జారి, లేవలేక, ఇళ్ళ మధ్యకు పాకింది. దాని మీద మంచు మొదలైంది. గాలి గది బయట బకెట్టులో పడ్డ మంచును ఆగ్నియా గ్లాసులో కరిగించి, రోజూ చేసినట్టే అందులో నీలం లిట్మస్ కాగితం ముంచింది. కాగితం ముంచీ ముంచకముందే ఎర్రబడింది. ఆవిడ దాన్ని పొయ్యిలో పడేసింది.

టెలిఫోను మోగింది. బాలవాడి పెద్ద టీచరమ్మ ఎల్వీరా. ఇద్దరూ ఒకే ఏడాది ఈ ఊరికి వచ్చినవాళ్ళు, ఒకే గదిలో మంచాలు వేసుకుని పడుకున్నవాళ్ళు.

"ఆగ్నియా, ఏమిటే ఇది? పిల్లలు దగ్గుతున్నారు. నా గొంతు మండుతోంది. నువ్వు ఫోను చెయ్యలేదేం?"

"చేసేటంత లేదు."

"లేదా? నాలుక మీద తియ్యగా తగులుతుంటే లేదంటావేం?"

"కొంచెం తగులుతుంది. సంచి మళ్ళీ అటే తిరుగుతోంది. ఒక్క పావుగంట ఓపిక పట్టు."

"నువ్వు చెబితేనే తీసుకెళ్ళాలని బులీగిన్ ఆర్డరు. లేకపోతే నేను నిన్ను అడిగేదాన్నే కాదు." ఎల్వీరా గొంతులో అనుమానం ఉంది. "నిజం చెప్పు, గాలి బాగుందా?"

ఆగ్నియా ఎదురుగా సంచి రాయిలా బిగుసుకుని ఊరినే చూపిస్తోంది.

"బాగుంది," అంది.

ఫోను పెట్టేశాక ఆవిడ టీ పోసుకుంది, తాగలేదు. తలగుడ్డ కొంగుతో నోరు తుడుచుకుంది. తల్లులకు ముక్కులున్నాయి కదా, వాళ్ళే బళ్ళు లోపలికి లాక్కుంటారు అనుకుంది. ఆ మాట కొంత నిజమే. ఈ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు అప్పటికే వాసన పట్టి, బాలవాడి వైపు వింతగా చూసి, ఏమైతే అయిందని బళ్ళు లాక్కున్నారు.

కాసేపటికి మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఎల్వీరా అరుస్తోంది. వెనకాల పిల్లల దగ్గులు, ఏడుపులు వినిపిస్తున్నాయి.

"ఇద్దరు వాంతి చేసుకున్నారే! ఆ దొరగారు ఎక్కడ చచ్చాడో ఇంకా రాలేదు. లోపలికి తీసుకెళ్ళిపోనా? ఒక్క మాట చెప్పు!"

"వచ్చేస్తున్నాడు, కారు బయల్దేరింది," అంది ఆగ్నియా. కారు బయల్దేరిందో లేదో ఆవిడకు తెలియదు. "ముక్కులకు గుడ్డలు కట్టు."

"గుడ్డలు కడితే జెండాలు బాగా కనపడవట. బులీగిన్ మనిషి ఇక్కడే నిలబడి చూస్తున్నాడు. నువ్వు చెబితే వాణ్ణి కూడా తోసేసి తీసుకెళ్తాను. రెండోసారి అడుగుతున్నాను, ఆగ్నియా. గాలి ఎలా ఉంది?"

"బాగుంది అన్నానుగా!" ఆగ్నియా కసిరి ఫోను పెట్టేసింది. కోపం ఎవరి మీదో ఆవిడకే తెలియదు. తప్పు చేస్తున్నప్పుడు ఆవిడకు ఎప్పుడూ ఎదుటివాళ్ళ మీదే కోపం వచ్చేది. ఆ ఊళ్ళో అది ఆవిడ ఒక్కదాని జబ్బేమీ కాదు.

కారు నిజంగా బయల్దేరిందేమోనని దుర్భిణి తీసుకుంది. మంచు తెరలు తెరలుగా పడుతోంది. ఒక తెర తొలగినప్పుడు రోడ్డు మీద నల్లటి కారు కనిపించింది. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. రోడ్డు పక్కన రెండు వరసల్లో చిన్నపిల్లలు. తడిమంచుకు కాగితం జెండాల రంగు కరిగి వాళ్ళ ఉన్ని చేతితొడుగుల మీదికి ఎర్రగా కారుతోంది. ఒక పాప మోకాళ్ళ మీద కూలబడితే టీచరమ్మ రెక్క పట్టుకుని లేపి నిలబెట్టింది. కారు కొంచెం కూడా నెమ్మదించలేదు. లోపలినుంచి ఒక చెయ్యి ఊగింది, అంతే. కారు వెళ్ళిపోయింది.

హమ్మయ్య అనుకుంది ఆగ్నియా. దుర్భిణి దించబోతూ, అలవాటుకొద్దీ తమ ఇంటి వైపు తిప్పింది. బాలవాడికి ఎదురు ఇల్లు, నాలుగో అంతస్తు.

బాల్కనీలో తోపుడుబండి ఉంది.

మొదట ఆవిడ తప్పు అంతస్తు చూస్తున్నానేమో అనుకుంది. కింద నుంచి లెక్కపెట్టింది. మూలకు కట్టిన స్కీ కర్రలు తమవే. నీలం రంగు బండి కూడా తమదే, తనే కొన్నది. బండి పైకప్పు మీద మంచు మందంగా పేరుకుంది. ఇప్పుడు పెట్టింది కాదది. ఎప్పుడో పెట్టింది.

ఇంట్లో ఫోను లేదు, అందుకని టెలిఫోను ఎత్తి బాలవాడికి కలపమంది. ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి మనిషి లేడు, అక్కడ అందరూ పిల్లల్ని మోసుకుని పరిగెడుతున్నారు. కొలిమిశాలకు కలపమంది. అక్కడ పనులు చూసే మనిషి ఎత్తాడు. వెనకాల కొలుములు హోరెత్తుతున్నాయి.

"ఆపండి! ఊదడం ఆపండి! గాలి ఊరి మీదికుంది!"

"ఓహో, ఆగ్నియత్తా!" అతను నవ్వాడు. అప్పటికే రెండు గుక్కలు పడ్డట్టున్నాయి. "ఇవాళ నీ గాలికి సెలవు ఇచ్చారు కదా, నీకు చెప్పలేదా? నీ ఫోను పట్టించుకోవద్దని బులీగిన్ గారు గోడ మీద కూడా రాసిపెట్టారు. ఇక్కడ నీ కొడుకును భుజాలెక్కించుకుని ఊరేగిస్తున్నారు, వచ్చి చూడు!"

"నా మనవడు బాల్కనీలో ఉన్నాడురా! గ్లెబ్‌ని పిలువు!"

"మనవడికి కూడా జెండా ఇవ్వు అత్తా!" అని అతను ఫోను పెట్టేశాడు.

ఆగ్నియా కోటు కూడా వేసుకోకుండా బయటపడింది. దారి దిగితే ఆలస్యమని గుట్ట వాలు మీదుగా నడుము లోతు మంచులో దొర్లుతూ దిగింది. గొంతులోకి గ్యాస్ పోతోంది, కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. నోరు తెరిస్తే మంచు నాలుక మీద పుల్లగా పడుతోంది. అడుగడుక్కీ ఒకటే మాట అనుకుంటోంది: బొంతలు మందంగా ఉంటాయి, బండికి పైకప్పు ఉంది, వాడి మొహం గోడ వైపు ఉంటుంది. బాలవాడి ముందు నుంచి పోతుంటే ఎల్వీరా ఒక పిల్లను చంకలో వేసుకుని ఎదురైంది, ఏదో అరిచింది. ఆగ్నియా ఆగలేదు.

నాలుగు అంతస్తులు ఎక్కి తలుపు బాదింది. చాలాసేపు పట్టింది. తలుపు తీసిన రిమ్మా మొహం నిద్రతో ఉబ్బి, జుట్టు చెదిరి, చిన్నపిల్ల మొహంలా ఉంది. నవ్వుతోంది. ఆగ్నియా ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వడం చూసి చాలా రోజులైంది.

"ష్! మెల్లగా అత్తయ్యా. పడుకున్నాడు," అని గుసగుసలాడింది. "మీరు అన్నట్టే చేశాను. పొద్దున మీరు వెళ్ళాక బాగా ఏడుపొచ్చింది నాకు. నిజంగానే పిరికిదాన్నేమో అనిపించింది. కిటికీలోంచి చూస్తే పిల్లలందరూ జెండాలు పట్టుకుని బయట నిలబడి ఉన్నారు. అత్తయ్య అక్కడ కూర్చుంది కదా, నాకెందుకు భయం అనుకున్నాను. పెట్టేశాను. మధ్యలో ఒకసారి దగ్గాడు. లేచి చూస్తే పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. సరేలే అని ఊరుకున్నాను. తర్వాత దగ్గు కూడా తగ్గిపోయింది అత్తయ్యా! ఇంతసేపు ఎప్పుడూ పడుకోలేదు వాడు. నాకూ కన్ను మూతపడింది. మీరు చెప్పింది నిజమే, చలిగాలి వాడికి పడింది."

గది వెచ్చగా ఉంది. శీతాకాలం మొదట్లో ఆగ్నియా తన చేత్తోనే కిటికీల సందులన్నిటా దూది కుక్కి, పైన కాగితాలు అంటించింది. బాల్కనీ తలుపు కింద చలి రాకుండా రిమ్మా దుప్పటి చుట్టి పెట్టింది. లోపల ఏ వాసనా లేదు. ఉడికిన పాల వాసన ఒక్కటే ఉంది.

"అదేంటి, కోటు ఏది? ఒళ్ళంతా మంచేంటి అత్తయ్యా?" రిమ్మా నవ్వు మెల్లగా తగ్గుతోంది. "లేపకండి. ఇంకాసేపు పడుకోనివ్వండి."

ఆగ్నియా దుప్పటిని కాలితో తోసి బాల్కనీ తలుపు లాగింది. గ్యాస్ గదిలోకి వచ్చింది. రిమ్మా దగ్గింది, ఇంకోసారి దగ్గింది, అప్పుడు ఆమె కళ్ళలోకి అర్థం దిగడం మొదలైంది. ఆగ్నియా బండి పైకప్పు వెనక్కి తోసింది. తీషా మొహం పైకే ఉంది. పెదాల పక్కన నురగ ఎండిపోయింది. కనురెప్పల మీద పడ్డ మంచు కరగకుండా అలాగే ఉంది.

సాయంత్రం గ్లెబ్ మెడలో పతకంతో, చేతిలో మంత్రిగారిచ్చిన కమలాపళ్ళ పెట్టెతో మెట్లెక్కి వచ్చాడు. కింది అంతస్తు నుంచే "తీషాకు కమలాపళ్ళు తెచ్చానోయ్!" అని కేకేస్తూ వచ్చాడు.

మా ఊళ్ళో శీతాకాలంలో గొయ్యి తవ్వాలంటే నేల మీద ఒక రోజంతా మంట వెయ్యాలి. చిన్న గొయ్యే కాబట్టి చిన్న మంటే వేశారు. బాలవాడి పిల్లలందరూ ఆస్పత్రి నుంచి ఇళ్ళకు చేరారు, కొందరు చాలాకాలం దగ్గారు. ఎల్వీరా శ్మశానానికి వచ్చింది. గొయ్యి పక్కన ఆగ్నియాను అందరి ముందూ పట్టుకుని కుదిపింది.

"నేను రెండుసార్లు అడిగాను కదే! రెండుసార్లూ బాగుందన్నావు కదే! నీ నోటితో నువ్వే అన్నావు కదే!"

రిమ్మా పక్కనే నిలబడి ఉంది. తల తిప్పి అత్తగారి వైపు చూసింది. ఆమె తిడుతుందని, మీద పడి రక్కుతుందని అందరూ ఎదురుచూశారు. కొందరికి చూడాలని కూడా ఉంది, నాకు తెలుసు. రిమ్మా ఒక్క మాట అనలేదు.

బులీగిన్ మాట తప్పలేదు. సంతకం పెట్టాడు. వేసవికి ముందే దక్షిణాన ఇల్లు వచ్చింది. రెండు గదులు, కింద ఆప్రికాట్ చెట్లు. ఆగ్నియా రానని మొండికేసింది. ఇక్కడే, ఆ చిన్న గొయ్యి పక్కన ఉండి చస్తానంది. గ్లెబ్ కూడా తల్లి మొహం చూడలేక సరేనన్నాడు. రిమ్మాయే ఒప్పుకోలేదు. "అత్తయ్య మాతోనే ఉండాలి" అంది. సామాన్లు తనే సర్దింది, రైల్లో కిటికీ పక్క సీటు అత్తగారికే ఇచ్చింది. ఎంత బంగారంలాంటి కోడలు అని ఊరంతా చెప్పుకున్నాం. తర్వాత ఆ వైపు వెళ్ళి చూసొచ్చినవాళ్ళు మాత్రం ఆ మాట మళ్ళీ అనలేదు.

అక్కడ రోజూ పొద్దున రిమ్మా ముందుగా లేస్తుంది. కిటికీ రెండు తలుపులూ బార్లా తెరుస్తుంది. చెట్ల మీదుగా చల్లటి, తియ్యటి గాలి ఇంట్లోకి వస్తుంది. గ్లాసులో టీ పోసి, అందులో అత్తగారికి ఇష్టమైన జామ్ కలిపి, మంచం దగ్గరికి తీసుకెళ్ళి నిలబడుతుంది. గ్లాసు చేతికి ఇవ్వదు. గొంతు పెంచదు.

"ఇవాళ గాలి ఎలా ఉంది అత్తయ్యా?" అని అడుగుతుంది.

ఆగ్నియా గోడ వైపు తిరిగి పడుకుంటుంది. కొన్ని రోజులు ఏడుస్తుంది, కొన్ని రోజులు చెవుల మీద దిండు పెట్టుకుంటుంది. రిమ్మా కదలదు. టీ చల్లారిపోయినా అక్కడే నిలబడి ఉంటుంది. చివరికి ఆగ్నియా కళ్ళు మూసుకునే చెబుతుంది.

"బాగుంది."

అప్పుడు గ్లాసు ఇస్తుంది.